ఎవలిన్ ప్రీర్ వేషం వేయబోతున్న మేనకోడలికి

చి.ల.సౌ. మేనకోడలికి,

నీ స్క్రిప్టు చదివాను. మీ షికాగో తెలుగు వాళ్ల సంబరాలకు ఏకపాత్ర అన్నావు గనక ద్రౌపదో, రుద్రమో అయివుంటుందనుకున్నాను. నువ్వు పట్టుకొచ్చింది ఎవలిన్ ప్రీర్‌ని, అమెరికాలో మూకీల కాలం నాటి నల్లజాతి నటిని. మీ నాన్న ఫోన్ చేసి, "అదెవరక్కా, మనవాళ్లకు ఎక్కుతుందా?" అని ఒకటే టెన్షన్. ఎక్కుతుందనే చెప్పాను. కానీ ఇప్పుడున్న స్క్రిప్టుతో ఎక్కదు.

మొదటి పేజీలోనే ఆమెను చంపేశావు. 1932 నవంబరు, లాస్ ఏంజెలెస్, రెండు ఊపిరితిత్తులకూ న్యుమోనియా, పక్కన ఏడు నెలల పసిపాప. అక్కణ్నుంచి వెనక్కి తిరిగి ఏడుస్తూ కథ చెబుతుంది. పరిషత్తు పోటీల్లో ఇలాంటి ఏకపాత్రలు ఎన్ని చూశానో! జనం కళ్లు తుడుచుకుంటారు. టీ తాగేలోగా పాత్ర పేరు మరిచిపోతారు. ఏడ్చినామె ఏం పని చేసేదో ఎవరికీ గుర్తుండదు. నీ పదకొండు పేజీల్లో ఆమెకు ఏం జరిగిందో ఉంది. ఆమె ఏం చేసిందో వెతుక్కోవలసి వచ్చింది. నువ్వు వేస్తున్నది నటి పాత్ర. ఆమెకు పని పెట్టు.

మరి ఎక్కడ మొదలుపెట్టాలంటావా? షికాగో వీధి మూల మీద. 1896లో మిసిసిపీ రాష్ట్రం విక్స్‌బర్గ్‌లో పుట్టి, తండ్రి పోయాక తల్లితో షికాగో వచ్చిన పిల్ల. తల్లి మత ప్రచారకురాలు. తల్లీకూతుళ్లు వీధుల్లో నిలబడి ప్రసంగాలు చేసేవాళ్లు. మైకు లేదు, వేదిక లేదు, ముందు కుర్చీలు వేసుకుని కూర్చున్న జనం లేరు. ఎవరి పని మీద వాళ్లు పోతున్న మనిషిని గొంతుతో ఆపాలి. ఇంతకన్నా మంచి మొదటి సీను నటికి ఎవరిస్తారు? నడిచి వెళ్లే జనం ఉన్నారనుకుని నీ చూపు కదలాలి. ఇద్దరు ఆగితే గొంతు తగ్గించు, వెళ్లిపోతుంటే పెంచు. మొదటి మూడు నిమిషాల్లో ఆమె ఎవరో నువ్వు చెప్పనక్కర్లేదు, వాళ్లే చూస్తారు.

తర్వాత ఆస్కార్ మిషో వస్తాడు. దక్షిణ డకోటాలో వ్యవసాయం చేసి, నవల రాసి, తన పుస్తకాలు తనే ఇంటింటికీ తిరిగి అమ్ముకున్న మనిషి. ఆ నవలను సినిమా తీయాలనుకుని ఊరూరా వాటాలు అమ్మి డబ్బు పోగుచేశాడు. అదే 1919లో వచ్చిన 'ది హోమ్‌స్టెడర్', నల్లజాతి దర్శకుడు తీసిన తొలి పూర్తినిడివి చిత్రం. అందులో ప్రీర్ ఉంది. మొదట ఆడింది మీ ఊళ్లోనే, ఎయిత్ రెజిమెంట్ ఆర్మరీ అనే సైనిక భవనంలో. ఆ భవనం ఇప్పటికీ జైల్స్ అవెన్యూలో ఉంది, ఇప్పుడు అందులో స్కూలు నడుస్తోంది. ఒక ఆదివారం పోయి బయట నిలబడి చూసి రా. సినిమా మాత్రం ఎక్కడా మిగల్లేదు. కాబట్టి అందులో ఆమె ఎలా నటించిందో వర్ణించే ఆ పేరా కొట్టెయ్. ఎంత అందంగా రాసినా అది నువ్వు కల్పించినది. సభలో తెలిసినవాళ్లు ఒక్కరున్నా మిగతా స్క్రిప్టు మీద కూడా నమ్మకం పోతుంది.

మిషో తీసినవాటిలో ఆమె నటించి, ఇవాళ మిగిలిన సినిమా 1920 నాటి 'వితిన్ అవర్ గేట్స్'. 1919 వేసవిలో మీ షికాగోలో జాతి అల్లర్లు జరిగాయి. ఆ గాయం ఆరకముందే నల్లవాళ్లను జనం ఉరితీసే దృశ్యాలున్న సినిమా అంటే సెన్సారు వాళ్లు భయపడ్డారు, మొదట వద్దన్నారు. మొత్తానికి 1920 జనవరిలో వెండోమ్ థియేటర్లో పడింది. ఆ తర్వాత ఎటు పోయిందో ఎవరికీ పట్టలేదు. చాలా ఏళ్లకు ఒకే ఒక్క కాపీ స్పెయిన్‌లో, మాడ్రిడ్ ఫిల్మ్ ఆర్కైవ్‌లో బయటపడింది. దాన్ని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ బాగుచేసి 1993లో విడుదల చేసింది. స్పెయిన్ కాపీలో బొమ్మల మధ్య వచ్చే మాటల పలకలు స్పానిష్‌లో ఉంటే మళ్లీ ఇంగ్లీషులోకి మార్చారు. అంటే ఇవాళ తెర మీద నువ్వు చదివే మాటలు చాలావరకు అలా తిరిగొచ్చినవే. వాటిని కోట్ చేసి "ఇవి ఆమె మాటలు" అనకు. అసలది మూకీ. ఆమె పెదవులు ఏమన్నాయో మనకు అక్కర్లేదు.

ఆ సినిమాను ఒకసారి సౌండ్ తీసేసి చూడు, వినిపించే సంగీతం తర్వాత చేర్చిందే. బడి కోసం చందాలు అడగడానికి బోస్టన్ వెళ్లే టీచరమ్మ సిల్వియా ఆమె పాత్ర. చివర్లో గదిలో పెనుగులాట వస్తుంది. తెల్లవాడొకడు ఆమె మీద పడతాడు, ఒంటి మీద మచ్చ చూసి ఆగిపోతాడు. ఆమె తన కూతురే! అదే సమయానికి బయట ఆమెను పెంచిన తల్లిదండ్రులను జనం చంపుతుంటారు. మన పాత నాటకాల్లో ఇలాంటి ఘట్టం వస్తే చేతులు గాల్లోకి లేచేవి. ఆమె చేతులు చూడు. వాణ్ని నెట్టడానికి, తప్పించుకోవడానికి, అంతే వాడింది. ఈ పొదుపు నువ్వు పట్టుకోగలిగితే సగం పాత్ర వచ్చినట్టే. ఆ క్లిప్ వెనక తెర మీద వేస్తానన్నావు, వేసుకో, పాత సినిమా కాబట్టి హక్కుల గొడవ లేదు. అది నడుస్తున్నంతసేపూ నువ్వు మాట్లాడొద్దు, పక్కకు తప్పుకో. ఆమెతో పోటీ పడి నువ్వు గెలవలేవు.

ఇక నీ స్క్రిప్టులో అసలే లేనిది నాటకం. సినిమాలు ఆమెకు పేరు తెచ్చాయి గానీ అన్నం పెట్టింది స్టేజీ. 1915లో అనితా బుష్ న్యూయార్క్ హార్లెమ్‌లో మొదలుపెట్టిన లఫాయెట్ ప్లేయర్స్ అనే నాటక సమాజంలో 1920లో చేరింది. ఆ సమాజంలోని తోటి నటుడు ఎడ్వర్డ్ థామ్సన్‌ని పెళ్లి చేసుకుంది. నల్లవాళ్లంటే పాట, డాన్సు, కామెడీ మాత్రమే అనుకునే రోజుల్లో ఆ సమాజం వాళ్లు గంభీరమైన నాటకాలు వేశారు. బ్రాడ్‌వేలో తెల్లవాళ్లు వేసినవాటినే తీసుకుని వారానికొకటి మార్చేవాళ్లు. చిన్నప్పుడు సురభి డేరాలో నువ్వు చూశావుగా, నిన్న రాక్షసి వేషం కట్టినామె ఇవాళ సత్యభామ. అలాంటి బతుకే. రాత్రి ఈ వారం నాటకం, పగలు వచ్చే వారం నాటకానికి రిహార్సల్. రెండు పోర్షన్లు తలలో కలిసిపోకుండా చూసుకోవాలి. ఇది మాటల్లో చెప్పకు, చేసి చూపించు. ఒక చేత్తో జడ వేసుకుంటూ, ఇంకో చేత్తో కాగితం పట్టుకుని పోర్షన్ అప్పజెప్పుకుంటున్న మనిషిని చూస్తే ఏ తెలుగు గృహిణికైనా ఆమె దగ్గరవుతుంది.

1923లో బ్రాడ్‌వేలో 'సలోమి' వేసింది. 1928లో ఆ సమాజం లాస్ ఏంజెలెస్ చేరాక 'రెయిన్' నాటకంలో నాయిక శాడీ థామ్సన్ వేషం వేసింది. ఈ రెండూ పేరుకు చాలు, మిగతా జాబితా తీసెయ్. సన్మానపత్రం చదువుతున్నట్టుంది.

నీ ఏకపాత్రకు గుండెకాయ నేను చెబుతాను విను. 1926, న్యూయార్క్, డేవిడ్ బెలాస్కో నాటకం 'లులు బెల్'. నాయిక హార్లెమ్ నల్లపిల్ల. ఆ వేషం వేసింది లెనోర్ ఉల్రిక్ అనే తెల్లామె, ఒంటికి రంగు పూసుకుని. అదే నాటకంలో ప్రీర్‌కు చిన్న వేషం. దాంతోపాటు ఉల్రిక్ రాలేని రోజు వస్తే ఎక్కడానికి ఆమె పోర్షనంతా నేర్చుకుని సిద్ధంగా ఉండే పని కూడా ప్రీర్‌దే. ఊహించుకో! నీ జాతి పిల్ల పాత్రను ఇంకొకరు ముఖానికి పూసుకుని వేస్తుంటే, ఆ డైలాగులన్నీ నోటికొచ్చి నువ్వు సైడ్‌వింగ్‌లో నిలబడాలి. ఇది నీకు సరిగ్గా నడిమధ్య రావాలి, కనీసం ఆరు నిమిషాలు. లైటు స్టేజీ మధ్యకు వేయించు, నువ్వు అంచున చీకట్లో నిలబడు. అవతల ఆమె చెబుతున్న డైలాగు నీ పెదవుల మీద కదలాలి, చప్పుడు రాకూడదు. కోపం చూపించకు. వృత్తి తెలిసిన మనిషి ముందు చూసేది అవతలామె ఎక్కడ బాగా చేస్తోంది, ఎక్కడ తేలిపోతోంది అన్నదే. ఆ చూపు నీ కళ్లలో కనబడితే కోపం చూసేవాళ్లకే వస్తుంది.

ఈ సీను రాసుకున్నాక మేకప్ సంగతి నేను వేరే చెప్పక్కర్లేదు గానీ, చెబుతాను. మీ మేకప్ ఆయన "కొంచెం డార్క్ వేద్దామమ్మా" అంటాడు. మన స్టేజీ మీద అది మామూలే, తప్పని కూడా ఎవరూ అనుకోరు. నువ్వు ఒప్పుకోవద్దు. నీ రంగు నీకు ఉండనీ. అమెరికాలో ఒకరి చర్మాన్ని ఇంకొకరు పూసుకుని నవ్వించడానికి వందేళ్ల పైచిలుకు చరిత్ర ఉంది. నీ సభకు నల్లజాతి స్నేహితులు ఎవరైనా వచ్చారనుకో, నువ్వు నోరు తెరవకముందే లేచిపోతారు. పైగా ప్రీర్‌ది లేత ఛాయ. అదీ ఒక తంటాయే ఆ రోజుల్లో. 1933లో ఓ సినిమాలో ఫ్రెడీ వాషింగ్టన్ అనే నటికి, నల్లజాతి నటుడు పాల్ రోబ్సన్ పక్కన తెల్లామెలా కనబడుతోందని, ముదురు రంగు మేకప్ వేయించారు. నల్లామెకే నల్లరంగు! ఒక టోపీ, ఆ కాలపు కోటు చాలు, మిగతాది నడకలో తెచ్చుకో.

యాస కూడా అంతే. టాకీలు వచ్చాక 1929లో ఆమె కొన్ని చిన్న కామెడీ చిత్రాల్లో చేసింది. అల్ క్రిస్టీ తీసినవి, కథలు తెల్ల రచయితవి, నల్లవాళ్ల మాటతీరును నవ్వులాటగా రాసినవి. అందులో ఆమె గొంతు వినొచ్చు, తప్పకుండా విను. అది ఆ వేషం మాట అని గుర్తుపెట్టుకో. దాన్ని పట్టుకుని తెలుగులో ఆమె చేత ఏ పల్లె యాసో, తెలంగాణ యాసో పలికించావంటే మనవాళ్లు పకపకా నవ్వుతారు, నీ పని అయిపోతుంది. మామూలు తెలుగు మాట్లాడించు.

హాలీవుడ్ పెద్ద స్టూడియోల భాగం పొట్టిగా ముగించు. 1932లో మార్లీనా డీట్రిక్ సినిమా 'బ్లాండ్ వీనస్'లో చిన్న వేషం, తెర మీద పేరు కూడా లేదు. స్టేజీ మీద శాడీ థామ్సన్ వేసినామెకు కెమెరా ముందు దక్కింది అది. ఒక్క వాక్యం చెప్పి ఆగు.

చివర్లో ఎవరో లేచి నల్లజాతి నటి హ్యాటీ మెక్‌డేనియల్ గురించి అడుగుతారు, ఆస్కార్ వచ్చినా 1940లో విడిగా ఓ మూల బల్ల దగ్గర కూర్చోబెట్టిన సంగతి అందరికీ తెలుసు కాబట్టి. సమాధానం సిద్ధం చేసుకో, స్క్రిప్టులోకి మాత్రం తేకు. అలాగే మలయాళంలో తొలి నాయిక పి.కె. రోజీని ప్రీర్‌తో కలిపి రాసిన పేజీ కూడా తీసెయ్. దళిత పిల్ల నాయర్ స్త్రీ వేషం వేసిందని ఊరొదిలి పారిపోయేలా చేశారు. ఆమె మీద నీకు అంత ఆసక్తి ఉంటే వచ్చే ఏడు ఆమె ఏకపాత్రే వేద్దాం. ఒకరి కథకు ఇంకొకరిని ఉదాహరణ చేయడం ఇద్దరికీ అన్యాయం.

ఆ పసిపాప ఉందే, ఆమెను మాత్రం ఉంచు, ఉయ్యాల పాట లేకుండా. ఆ పాప పెరిగి సన్యాసినిగా చేరింది, సిస్టర్ ఫ్రాన్సెస్కా థామ్సన్. తల్లిని చూసిన జ్ఞాపకమే లేని ఆమె, తల్లి పనిచేసిన లఫాయెట్ ప్లేయర్స్ మీదే పరిశోధన చేసి డాక్టరేట్ తెచ్చుకుంది. ప్రీర్ స్టేజీ జీవితం గురించి మనకు తెలిసిన దాంట్లో చాలా భాగం అలా నిలిచిందే. ఈ ముక్క లఫాయెట్ సీనులోనే, పోర్షన్ అప్పజెప్పుకునే చోట, ఒక్క నిమిషం బయటికొచ్చి నీ గొంతుతోనే చెప్పు. చావు సీను వద్దు.

మొత్తం ఇరవై ఐదు నిమిషాలు దాటనీయకు, తర్వాత భోజనాలుంటాయి, జనం వాచీలు చూస్తారు. సైడ్‌వింగ్ సీను ముందు రాసి పంపు, మిగతావి తర్వాత చూద్దాం. ఆదివారం మీ పొద్దున, నా రాత్రి, వీడియో కాల్‌లో రిహార్సల్ పెట్టుకుందాం. ఫోన్‌ను ఎత్తులో పెట్టు, పాదాలు కూడా కనబడాలి నాకు.

ఆశీస్సులతో,
మీ అత్త,
తెనాలి