లీడ్స్ చలిలో నీ నల్ల గౌను

అమ్ములూ,

ఇంగ్లండు నుంచి నువ్వు పంపిన ఫోటో చూశాను. నేను కుట్టిన నల్ల వెల్వెట్ గోతిక్ గౌను నీకు అచ్చు దిగింది, కానీ దాని మీద ఆ ఉబ్బు జాకెట్ వేసుకునేసరికి నడుమూ కనబడలేదు, చేతులకు పెట్టిన లేసూ కనబడలేదు. అనంతపురంలో ముప్పై ఏళ్లుగా మిషను ముందు కూర్చుంటున్నదాన్ని, చెప్తాను విను.

చలిని ఆపేది ఎక్కువగా గౌను లోపలే పెట్టు. ఒంటికి తగిలే పొర పల్చటి మెరినో గొర్రె ఉన్ని థర్మల్ అయితే మంచిది. కాటన్ వద్దు, బస్సు కోసం పరిగెత్తినప్పుడు పట్టిన చెమటను అది పీల్చుకుని అట్లాగే ఉంచుకుంటుంది, నువ్వు ఆగి నిలబడ్డాక ఆ తడే వణికిస్తుంది. ఒక జనవరిలో ఢిల్లీ పెళ్లికి నేను కాటన్ మీద కాటన్ మూడు పొరలు వేసుకుని పోయి రాత్రంతా పళ్లు కొట్టుకుంటూ కూర్చున్నాను, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

లేసు చేతుల కింద మాత్రం నల్ల థర్మల్ వేయొద్దు. నలుపు మీద నలుపు పడితే లేసులో పువ్వు మాయమైపోతుంది. ముదురు మెరూనో, వంకాయ రంగో, బూడిద రంగో వేసి చూడు, ఒక్కో పువ్వూ పైకి తేలుతుంది. గోతిక్ అంటే, అదే మీ నల్ల బట్టలూ లేసుల తీరంటే, అంతా ఒకటే నలుపు అనుకుంటారు చాలామంది. వెల్వెట్ వెలుతురును మింగుతుంది, శాటిన్ మెరుస్తుంది, ఉన్ని మందంగా కనిపిస్తుంది, ఈ మూడూ పక్కపక్కన పడితేనే నలుపుకు అందం.

నడుము బిగించే కార్సెట్ తాళ్లు థర్మల్ వేసుకున్నాకే కట్టుకో, రెండు వేళ్లు దూరేంత వదులుగా. పొరల మధ్య నిలిచే గాలే వేడిని పట్టి ఉంచేది, బిగించేస్తే ఆ గాలికి చోటుండదు. గౌను పక్క కుట్లలో అటూ ఇటూ ఒక్కో అంగుళం గుడ్డ వదిలిపెట్టాను, పట్టేస్తే విప్పించుకో. కాళ్లకు ఉన్ని టైట్స్, వాటి మీద ఫిష్‌నెట్, అదే వల మేజోళ్లు, ఆ పైన శాటిన్ లోలంగా. లోలంగా లేకపోతే వెల్వెట్ ఉన్నిని పట్టుకుని నడిచేకొద్దీ పైకి పాకుతుంది. అంచు నేలకు నాలుగు అంగుళాలు పైకి ఉండాలి, అక్కడ రోడ్లు ఎప్పుడూ తడే కదా. తడికి వెల్వెట్ నూగు అణిగిపోతే ఇస్త్రీ పెట్టె ఆనించొద్దు, తిరగేసి ఆవిరి పట్టు. బూట్లు మందం అడుగువి, ఉన్ని సాక్సు వేసినా వేళ్లు కదిలేంత సైజువి తీసుకో.

ఇంకోటి, మెడలో ఆ ఇనుప గొలుసులు చలికి మంచుగడ్డల్లా తగులుతాయి. మీ యార్క్‌షైర్‌లోనే విట్‌బీ అని సముద్రపు ఊరుంది, అక్కడ జెట్ అనే నల్ల రాయి దొరుకుతుంది, నిజానికి అది కోట్ల ఏళ్ల కిందటి చెట్టు. 1861లో భర్త ఆల్బర్ట్ పోయాక విక్టోరియా రాణి నలుపు కట్టి బతికినన్నాళ్లూ వదల్లేదు, ఆ కాలంలో శోకం నగలకు ఈ జెట్‌నే ఎక్కువ వాడారు. తేలిగ్గా ఉంటుంది, ఒంటికి చల్లగా తగలదు. కొనేటప్పుడు చెంపకు ఆనించి చూడు, చల్లగా ఉందంటే అది నల్ల గాజు.

సంక్రాంతి పూట నలుపేంది అని మీ అమ్మ ఫోన్‌లో బాధపడింది. లీడ్స్‌లో 1980ల మొదట్నుంచీ ఈ గోతిక్ సంగీతం, ఈ బట్టలు ఉన్నాయని, మన పిల్ల ఆ ఊరి పిల్లలతో కలిసి తిరుగుతోందని చెప్పాను. పండగ రోజు వీడియో కాల్‌లో మెడకు ఎర్ర రిబ్బను కట్టుకో, ఆమె మనసు కుదుటపడుతుంది.

ఆ జాకెట్ తీసి పక్కన పెట్టు. మన జిల్లా కురుబలు నేసిన నల్ల కంబళి ఒకటి తెచ్చాను, ఆ నలుపు అద్దింది కాదు, గొర్రె బొచ్చుదే. గొర్రెల కాపర్లు వానలో కప్పుకునే బట్ట అది. గరుగ్గా గుచ్చుకుంటుంది కాబట్టి లోపల మెరూన్ శాటిన్ వేసి, మెడ దగ్గర కొక్కెం పెట్టి, మోకాళ్ల కిందిదాకా వచ్చే కేప్ కుడతాను. భుజాల కొలత గౌనూ థర్మలూ రెండూ వేసుకున్నాకే తీసి ఆదివారంలోగా పంపు, కంబళి కత్తిరించకుండా ఆపి ఉంచాను.

మీ చిన్నమ్మ