స్టాక్ కార్ రేసర్ ఎలా ఎదుగుతాడు? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

గత సంచికలో కానర్ జిలిష్ అనే అమెరికన్ యువకుడిని క్లుప్తంగా పరిచయం చేశాం. 2006లో పుట్టిన జిలిష్, 2024లో నాస్కార్ (మామూలు కార్ల రూపంలో ఉండే స్టాక్ కార్ల రేసులు నడిపే అమెరికా సంస్థ) రెండో అంచె పోటీల్లో దిగిన తొలి రేసునే వాట్కిన్స్ గ్లెన్‌లో గెలిచాడు. మరుసటి ఏడాది అదే అంచెలో పది రేసులు గెలిచి, 2026కి అగ్రశ్రేణి అయిన కప్ సిరీస్‌లో సీటు సంపాదించుకున్నాడు. ఆ పరిచయం చదివిన తిరుపతి, చిత్తూరు ప్రాంతాల పాఠకులు రాసిన ఉత్తరాల్లో ఐదింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం.

*మా అబ్బాయి తొమ్మిదో తరగతి. కంప్యూటర్‌కు స్టీరింగ్ తగిలించుకుని రోజూ రాత్రి అమెరికా కార్ల రేసు ఆడుతుంటాడు, పెద్దయ్యాక స్టాక్ కార్ రేసర్‌ను అవుతానంటాడు. దీన్ని ఆట అనుకోవాలా, సాధన అనుకోవాలా? అక్కడి పిల్లలు ఏ మెట్టు నుంచి ఏ మెట్టుకు వెళ్తారు?*
*– ఒక తండ్రి, కొర్లగుంట, తిరుపతి*

ఆటగా మొదలై సాధనగా మారిన ఉదాహరణ ఇప్పటి కప్ సిరీస్‌లోనే ఉంది. 1997లో నార్త్ కరోలినాలోని షార్లెట్‌లో పుట్టిన విలియం బైరన్ పసితనం నుంచీ కార్టింగ్, అంటే పైకప్పు లేని చిన్న బండ్ల రేసు, చేసినవాడు కాదు. ఐరేసింగ్ అనే సిమ్యులేటర్ మీద వందకు పైగా ఆన్‌లైన్ రేసులు గెలిచి, పదిహేనేళ్లు వచ్చాక గానీ అతడు అసలైన రేసు కారు ఎక్కలేదు. ఎక్కినది కూడా లెజెండ్స్ కారు, అంటే 1930లు, 40ల నాటి అమెరికన్ కార్ల ఆకారాన్ని కుదించి, మోటార్‌సైకిల్ ఇంజిన్ పెట్టి తయారుచేసే చిన్న బండి. అక్కడి నుంచి 2014లో లేట్ మోడల్ కార్లకు, 2015లో నాస్కార్ ప్రాంతీయ పోటీ అయిన కె అండ్ ఎన్ ప్రో సిరీస్ ఈస్ట్‌కు వెళ్లి ఆ ఏడాదే టైటిల్ గెలిచాడు. 2016లో పికప్ ట్రక్కులు పోటీపడే ట్రక్ సిరీస్‌లో అడుగుపెట్టిన సీజన్‌లోనే ఏడు విజయాలు సాధించినా, ఫీనిక్స్‌లో ముందంజలో ఉండగా ఇంజిన్ చెడిపోవడంతో టైటిల్ కోసం పోరాడే అవకాశమే చేజారింది. 2017లో రెండో అంచె ఛాంపియన్ అయ్యాడు, 2018లో హెండ్రిక్ జట్టు అతడికి కప్ కారు ఇచ్చింది. కప్‌లో తొలి గెలుపు కోసం మాత్రం 2020 ఆగస్టు దాకా ఆగవలసి వచ్చింది. ఆ తర్వాత ఈ క్రీడలో అతి పెద్ద రేసైన డేటోనా 500ను 2024లోను, 2025లోను వరుసగా గెలుచుకున్నాడు.

మెట్లు దాదాపు అందరికీ ఇవే. చాలామంది ఐదారేళ్ల వయసులో క్వార్టర్ మిడ్జెట్ అనే బుల్లి కార్లతోనో, కార్టింగ్‌తోనో మొదలుపెట్టి, లెజెండ్స్ కార్లు, ఊరూరా ఉండే చిన్న ఓవల్ (కోడిగుడ్డు ఆకారపు) ట్రాకుల మీద లేట్ మోడల్ పోటీలు, ఆపైన ఆర్కా సిరీస్ దాటుకుని నాస్కార్ జాతీయ స్థాయికి చేరతారు. ఆ స్థాయిలో మూడు అంచెలు ఉన్నాయి: ట్రక్ సిరీస్, రెండో అంచె, కప్. ట్రక్ సిరీస్‌లో పదహారేళ్లకే పోటీ చేయవచ్చు గానీ, రెండు కిలోమీటర్లు దాటిన పెద్ద ఓవల్ ట్రాకుల మీద దిగాలంటే పద్దెనిమిదేళ్లు నిండాలి.

అయితే ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఒక మెట్టు నుంచి పై మెట్టుకు వెళ్లడం వేగం ఒక్కదాని వల్ల జరగదు. ఎవరో ఒకరు సీటు ఇవ్వాలి, ఆ సీటుకు మరొకరు డబ్బు కట్టాలి. బైరన్ పుట్టిన షార్లెట్ చుట్టుపక్కలే నాస్కార్ జట్లలో ఎక్కువ భాగం ఉన్నాయి. తొలి కారు కొనివ్వగల కుటుంబం అతడిది. లిబర్టీ యూనివర్సిటీ అతడి కారుకు స్పాన్సర్‌గా నిలిచింది, అతడు ఆ యూనివర్సిటీలోనే చదువుకున్నాడు. అంత వెసులుబాటు లేని కుర్రవాడి దారి ఎలా ఉంటుందో రాజా కరూత్‌ను చూస్తే తెలుస్తుంది. 2002లో పుట్టిన కరూత్ కూడా సిమ్యులేటర్ మీదే నేర్చుకున్నాడు. అవకాశాలు అందని వర్గాల యువతను ప్రోత్సహించడానికి నాస్కార్ నడిపే డ్రైవ్ ఫర్ డైవర్సిటీ కార్యక్రమం అతడికి తొలి సీటు ఇచ్చింది. విన్‌స్టన్-సేలం స్టేట్ యూనివర్సిటీలో మోటార్ స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ చదువుకుంటూనే రేసులు ఆడి, 2024లో లాస్ వేగాస్‌లో ట్రక్ రేసు గెలిచాడు. ఇద్దరిలోను నాకు నచ్చిన విషయం ఏమిటంటే, సీటు దొరికిన రోజుకు వారు సిద్ధంగా ఉన్నారు, చదువునూ వదిలిపెట్టలేదు.

మీ అబ్బాయి విషయానికి వస్తే, బ్రేక్ ఎక్కడ వేయాలి, మలుపులోకి ఏ గీత మీద వెళ్లాలి, పక్క కారుకు ఎంత చోటు వదలాలి అన్నవి సిమ్యులేటర్ బాగానే నేర్పుతుంది. మలుపులో మెడ మీద పడే బరువునూ, కాక్‌పిట్ వేడినీ, గోడ దగ్గరపడుతున్నప్పటి భయాన్నీ అది చూపలేదు. కారు గుద్దుకున్నప్పుడు మీట నొక్కి మళ్లీ మొదలుపెట్టే అలవాటు మాన్పించండి. దెబ్బతిన్న కారుతోనే రేసు చివరిదాకా నడపమనండి, ప్రతి ల్యాప్ సమయాన్నీ, చేసిన మార్పునూ పుస్తకంలో రాసుకోమనండి. ఆ పుస్తకం నిండుతూ ఉంటే అతడు చేస్తున్నది సాధనే అని మీకే అర్థమవుతుంది.

*గుండ్రటి ట్రాకు మీద ఎప్పుడూ ఎడమవైపుకే తిరిగే ఈ రేసులో నైపుణ్యం ఏముంది? అమ్మాయిలు ఎవరైనా పోటీ చేస్తున్నారా?*
*– డిగ్రీ విద్యార్థిని, చిత్తూరు*

అన్ని ట్రాకులూ ఓవల్ కావు. వాట్కిన్స్ గ్లెన్, సోనోమా వంటి చోట్ల రెండు వైపులా మలుపులు ఉంటాయి. ఓవల్ మీద కూడా మీరు అనుకున్నంత తేలిక కాదు. 2022 నుంచి వాడుతున్న కప్ కారు బరువు డ్రైవర్ లేకుండానే సుమారు 1,450 కిలోలు, అంటే ఫార్ములా వన్ కారుకు దాదాపు రెట్టింపు. దానికి 5.86 లీటర్ల వి8 ఇంజిన్. నాలుగు కిలోమీటర్ల డేటోనా ట్రాకు మలుపుల్లో 31 డిగ్రీల వాలుగా లేచి ఉంటుంది. అక్కడ జరిగే డేటోనా 500 రేసు 200 ల్యాపులు, సుమారు 800 కిలోమీటర్లు. నిండు లారీ వెనుక నడిచే మోటార్‌సైకిల్‌కు ఎదురుగాలి తగ్గినట్లే, ముందు కారు చీల్చిన గాలిలో వెనుక కారు అదనపు వేగం అందుకుంటుంది. దీనినే డ్రాఫ్టింగ్ అంటారు. అందువల్ల డేటోనాలో ఒంటరిగా ఎవరూ గెలవలేరు. ఎవరి వెనుక ఉండాలి, ఏ ల్యాపులో పక్కకు తప్పుకోవాలి అన్నది క్షణంలో తేల్చుకోవాలి. ఇందుకు భిన్నంగా మార్టిన్స్‌విల్ ట్రాకు ఒక కిలోమీటరు కూడా ఉండదు. అక్కడ రేసంతా బ్రేకులను కాపాడుకోవడం మీదే నడుస్తుంది.

కుర్రవాళ్లకూ, ఆరితేరినవాళ్లకూ తేడా కనిపించే చోటు మరొకటి ఉంది. టైర్లు అరుగుతూ, ఇంధనం తగ్గుతూ ఉంటే కారు స్వభావం ల్యాపు ల్యాపుకూ మారుతుంది. ముందు చక్రాలు తిరగక కారు గోడ వైపు పోతుంటే డ్రైవర్ రేడియోలో 'టైట్' అంటాడు, వెనుక భాగం జారుతుంటే 'లూజ్' అంటాడు. ఆ మాటనుబట్టే జట్టు సాంకేతిక పెద్ద అయిన క్రూ చీఫ్ పిట్‌లో, అంటే రేసు మధ్యలో కారు ఆపే చోట, టైర్ల గాలినీ, సస్పెన్షన్‌నూ సవరిస్తాడు. కారు ఏం చేస్తోందో సరిగ్గా చెప్పలేని డ్రైవర్ ఎంత వేగంగా నడిపినా జట్టు అతడికి సాయపడలేదు. పక్కల ఏ కారు ఉన్నదీ పైన నిలబడి చూసి చెప్పే స్పాటర్ మాటను, కాక్‌పిట్ వేడి 50 డిగ్రీలు దాటినా, మూడు గంటలపాటు శ్రద్ధగా వినాలి.

అమ్మాయిలు తక్కువే గానీ ఉన్నారు. 2013లో డేటోనా 500కు మొదటి స్థానం నుంచి బయలుదేరే అర్హత సాధించిన డానికా పాట్రిక్, ఆ ఘనత పొందిన తొలి మహిళ. ఆ రేసును ఆమె ఎనిమిదో స్థానంలో ముగించారు. 2025లో టోనీ బ్రైడింగర్ ట్రక్ సిరీస్‌లో పూర్తి సీజన్ ఆడారు.

*చిన్న వయసులో వచ్చిన పేరు నిలుస్తుందా?*
*– విశ్రాంత ఉపాధ్యాయుడు, శ్రీకాళహస్తి*

జోయి లొగానో కథ మీ ప్రశ్నకు దగ్గరగా ఉంది. ఆరేళ్లకే క్వార్టర్ మిడ్జెట్ కార్లు నడిపిన లొగానో, 2009 జూన్‌లో న్యూ హాంప్‌షైర్‌లో పందొమ్మిదేళ్లకే కప్ రేసు గెలిచి, అప్పటికి అతి చిన్న వయసు విజేతగా నిలిచాడు. వర్షం వల్ల ముందుగానే ఆపేసిన రేసు అది. అంతకుముందు కప్ ఛాంపియన్ టోనీ స్టువర్ట్ నడిపిన కారులో కూర్చున్న ఆ కుర్రవాడి మీద అంచనాలు ఆకాశంలో ఉండగా, నాలుగు సీజన్లలో రెండే విజయాలు రావడంతో 2012 చివర జట్టు అతడిని వదులుకుంది. పెన్‌స్కీ జట్టు అతడికి సీటు ఇచ్చింది. 2015లో డేటోనా 500 గెలిచాడు, 2018, 2022, 2024లలో కప్ ఛాంపియన్ అయ్యాడు. జట్టు సాగనంపిన రోజుకు అతడికి ఇరవై రెండేళ్లే. నా ఉద్దేశంలో అతడిని ముందుగా పైకి ఎక్కించడమే ఆ కష్టానికి కారణం. కింది అంచెలో మరో రెండేళ్లు ఉంటే ఆ కాలం ఇంత బరువుగా గడిచేది కాదు.

జిలిష్ కూడా 2025లో పది రేసులు గెలిచినా, సీజన్ చివరి రేసులో టైటిల్‌ను జెస్సీ లవ్‌కు వదులుకోవలసి వచ్చింది.

*మా అబ్బాయి స్నేహితులతో కలిసి రాత్రిళ్లు బైపాస్ మీద పందేలకు పోతున్నాడు. రేసర్లంతా ఇలాగే మొదలయ్యారంటాడు. నాకు నిద్ర పట్టడం లేదు.*
*– ఒక తల్లి, చంద్రగిరి*

అమ్మా, మీ భయం న్యాయమైనది. మీ అబ్బాయి చెప్పేది నిజం కాదు. ఇక్కడ పేర్కొన్న డ్రైవర్లంతా మూసి ఉన్న ట్రాకు మీద, హెల్మెట్, అగ్గికి తట్టుకునే దుస్తులు, అంబులెన్స్ ఉన్నచోట నేర్చుకున్నవారు. అన్ని ఏర్పాట్లూ ఉన్నచోట కూడా ఈ క్రీడ ప్రాణాలు తీసింది. ప్రసిద్ధమైన పెట్టీ కుటుంబంలో నాలుగో తరం రేసర్ ఆడమ్ పెట్టీ 2000 మే నెలలో న్యూ హాంప్‌షైర్‌లో సాధన చేస్తూ పందొమ్మిదేళ్లకే మరణించాడు. 2001 ఫిబ్రవరి 18న డేటోనా 500 చివరి ల్యాపులో, ఏడుసార్లు ఛాంపియన్ అయిన డేల్ ఎర్న్‌హార్ట్ కన్నుమూశాడు. ఆ తర్వాతే తలనూ మెడనూ పట్టి ఉంచే పరికరాన్ని నాస్కార్ తప్పనిసరి చేసింది, దెబ్బను తనలో ఇముడ్చుకునే ఉక్కు, ఫోమ్ గోడలు ట్రాకుల చుట్టూ వచ్చాయి. బైపాస్ మీద ఇవేవీ ఉండవు, ఎదురుగా వచ్చే లారీ ఉంటుంది. తిరుమల ఘాట్ రోడ్డులో వాహనాలకు కనీస ప్రయాణ సమయం ఎందుకు పెట్టారో మీ అబ్బాయికి తెలిసే ఉంటుంది. బండి తాళం మీ దగ్గర పెట్టుకోండి. పోటీ మీద నిజంగా ఆసక్తి ఉంటే తర్వాతి జవాబు అతడితో చదివించండి.

*నేను పలమనేరులో కార్ల మెకానిక్‌ను, వయసు ఇరవై ఒకటి. మనవాళ్లు ఎవరైనా స్టాక్ కార్ నడిపారా? ఇక్కడి నుంచి మొదలుపెట్టే దారి ఉందా?*
*– ఒక పాఠకుడు, పలమనేరు*

నడిపారు. 2005లో ఫార్ములా వన్‌లో పోటీ చేసిన తొలి భారతీయుడు, కోయంబత్తూరుకు చెందిన నరైన్ కార్తికేయన్ 2010లో నాస్కార్ ట్రక్ సిరీస్‌లో దిగారు. మార్టిన్స్‌విల్‌లో తొలి రేసును 13వ స్థానంలో ముగించారు. ఆ ఏడాది ఆ సిరీస్‌లో అభిమానులు ఎన్నుకునే ఆదరణ పురస్కారం ఆయనకే దక్కింది.

మన దేశంలో ఓవల్ స్టాక్ కార్ పోటీలు లేవు. అందుకు దగ్గరగా ఉండేవి జాతీయ ఛాంపియన్‌షిప్‌లోని టూరింగ్, సెలూన్ కార్ల విభాగాలు, ఎందుకంటే అక్కడ కూడా పైకప్పు ఉన్న కార్లే పక్కపక్కన రాసుకుంటూ పోటీపడతాయి. వీటికి వేదికైన మద్రాస్ సర్క్యూట్ శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగట్టుకోట్టైలో, చెన్నై–బెంగళూరు హైవే పక్కనే ఉంది, పొడవు 3.7 కిలోమీటర్లు. మీరు చిత్తూరు, రాణిపేట మీదుగా, తిరుపతివారు పుత్తూరు, నగరి మీదుగా ఉదయం బయలుదేరి రాత్రికి తిరిగి రావచ్చు. పోటీ చేయాలంటే ఎఫ్‌ఎంఎస్‌సిఐ, అంటే భారత మోటార్ స్పోర్ట్స్ క్లబ్బుల సమాఖ్య ఇచ్చే లైసెన్స్ ఉండాలి. దానికి ముందు గుర్తింపు పొందిన శిక్షణ సంస్థలో కోర్సు చేయాలి. పిల్లలైతే బెంగళూరు, చెన్నైలలోని కార్టింగ్ ట్రాకులు మొదటి మెట్టు. ఖర్చు మాత్రం ఎక్కువే. టైర్లు, ఇంధనం, ప్రయాణం, విరిగిన భాగాలు అన్నీ కలిసి ఒక సీజన్‌కు లక్షల్లో తేలుతుంది. అప్పు చేసి దిగవద్దని నా సలహా.

ఇరవై ఒకటికి డ్రైవర్‌గా కప్ సిరీస్ దాకా వెళ్లే అవకాశం చాలా సన్నగిల్లిందని మీతో దాచకుండా చెప్పాలి. మీ చేతిలో మాత్రం రేసు జట్లకు కావలసిన పని ఉంది. స్టాక్ కార్ రేసులో సగం పిట్‌లో తేలుతుంది. 2022 నుంచి కప్ కారు చక్రానికి ఐదు నట్లకు బదులు మధ్యలో ఒకే నట్టు ఉంటోంది, నాలుగు టైర్లనూ మార్చడానికి మంచి జట్టుకు పది సెకన్లు కూడా పట్టడం లేదు. మన దగ్గరి జట్లకు కూడా గేర్‌బాక్స్ విప్పి గంటలో బిగించగలవాడు, సస్పెన్షన్ కొలతలు తప్పు లేకుండా రాయగలవాడు కావాలి. ఈ సీజన్‌లో ఒక వారాంతం ఇరుంగట్టుకోట్టై వెళ్లండి. శనివారం అర్హత పరుగులు జరిగేటప్పుడు మెకానిక్‌లు ఊపిరి సలపకుండా ఉంటారు, వారిని కదిలించకండి. ఆదివారం చివరి రేసు ముగిసి, కార్లు లారీల్లోకి ఎక్కిస్తున్నప్పుడు ఏదో ఒక సెలూన్ కార్ల జట్టు మేనేజర్‌ను కలిసి, మీరు ఏ ఏ ఇంజిన్లు విప్పారో ఒక కాగితం మీద రాసి ఇచ్చి, తర్వాతి రౌండుకు సహాయకుడిగా రావచ్చా అని అడగండి.