టేప్ డ్రైవ్ రాత్రంతా ముందుకీ వెనక్కీ కొట్టుకుంటుంటే మోటారు పోయినట్టేనా?

మీరు అడిగినవి రెండు. డ్రైవ్‌లో డేటాని రాసి, చదివే భాగమైన హెడ్‌ని టేప్ ఒరుసుకుంటూ నడుస్తుంది కదా, అరిగిపోదా అన్నది ఒకటి. మీ ఎల్‌టీఓ-6 డ్రైవ్ (కంప్యూటర్ డేటాని మాగ్నెటిక్ టేప్ మీద దాచే రకం) బ్యాకప్ నడిచినంతసేపూ ముందుకీ వెనక్కీ కొట్టుకుంటోంది, మోటారు పోతోందా అన్నది రెండోది. హైదరాబాద్‌లో ఒక ఆఫీసు బ్యాకప్ గది కొన్నేళ్లు నా చేతుల్లో ఉండేది. మేమూ మోటారు జబ్బే అనుకుని డ్రైవ్ మార్పించాం. కొత్తదీ అదే చప్పుడు!

ముందు అరుగుదల సంగతి. ఎల్‌టీఓ-6 కార్ట్రిడ్జ్‌లో టేప్ పొడవు 846 మీటర్లు. అది నిండాలంటే ఈ చివరి నుంచి ఆ చివరికి 136 సార్లు నడవాలి. లెక్కేస్తే ఒక్క కార్ట్రిడ్జ్ నిండేసరికి హెడ్ మీదుగా సుమారు 115 కిలోమీటర్ల టేప్ జారిపోతుంది. హైదరాబాద్ నుంచి నల్గొండ దాటేంత దూరం, అదీ నాలుగున్నర గంటల్లో. అందుకే హెడ్‌ని గట్టి సిరామిక్‌తో చేస్తారు, టేప్ పూతలోనే కందెన కలుపుతారు. టేప్‌ని లాగి ఉంచే బిగువు కూడా చాలా తక్కువ, వంద గ్రాముల బరువు వేలాడదీసినంత.

టేప్‌ని ఇంకా నున్నగా చేస్తే సరిపోదా అని నాకూ అనిపించేది. కానీ రెండు తడి గాజు పలకలు ఒకదానిమీద ఒకటి పెట్టి చూడండి, ఊడి రావు. మరీ నున్నటి టేప్ ఆగినప్పుడు హెడ్‌కి అలాగే పట్టేస్తుంది. దీన్ని స్టిక్షన్ అంటారు, గాలిలో తేమ ఉంటే ఇంకా ఎక్కువ. పోనీ గరుకుగా చేద్దామంటే టేప్ హెడ్‌కి దూరమై సిగ్నల్ పడిపోతుంది. ఈ రెంటి మధ్యే తయారీదారుల తంటా అంతా. వానాకాలంలో బయటి స్టోరేజ్ నుంచి వచ్చిన టేపుల్ని మేం ఒక రోజంతా ఏసీ గదిలో ఉంచి, ఆ తర్వాతే డ్రైవ్‌లో పెట్టేవాళ్లం.

ఇక చప్పుడు. 1952లో వచ్చిన ఐబీఎం 726 లాంటి పాత డ్రైవుల్లో టేప్ మిల్లీసెకన్లలో ఆగి మళ్లీ కదిలేది. బరువైన రీళ్లు అంత త్వరగా కదల్లేవు కాబట్టి రెండు గొట్టాల్లో గాలి పీల్చి టేప్‌ని ఉచ్చులా వేలాడదీసేవారు. ముందు కదిలేది ఆ తేలికపాటి ఉచ్చే, రీలు తర్వాత తాపీగా అందుకునేది. మీ డ్రైవ్‌లో ఆ గొట్టాల్లేవు, రెండు రీళ్ల మోటార్లే బిగువు చూసుకుంటాయి. సెకనుకు ఆరేడు మీటర్ల వేగంతో పోతున్న టేప్‌కి డేటా అందకపోతే డ్రైవ్ ఆగాలి, ఆగేలోపు ముందుకి దూసుకుపోతుంది, వెనక్కి వచ్చి మళ్లీ పరుగందుకోవాలి. మీరు వింటున్న చప్పుడు ఇదే. షూ-షైనింగ్ అంటారు, చెప్పులు పాలిష్ చేసే బ్రష్‌లా అదే చోట మళ్లీ మళ్లీ రాపిడి. నా అనుభవంలో టేపుని తినేసేది నిలకడైన పరుగు కాదు, ఇదే.

ఈ డ్రైవ్ సెకనుకు 160 ఎంబీ రాయగలదు. డేటా నెమ్మదిగా వస్తే వేగం కొంత తగ్గించుకుంటుంది, సుమారు 40-50 ఎంబీ దాకా. మా ఫైల్ సర్వర్ నుంచి లక్షల చిన్న చిన్న ఫైళ్లు 20 ఎంబీ కూడా దాటకుండా వచ్చేవి. ముందు డిస్క్ మీదికి బ్యాకప్ తీసి, అక్కణ్నుంచి ఒక్క ఊపున టేప్‌కి రాయించాం. ఆ రాత్రి నుంచే గది నిశ్శబ్దం.

క్లీనింగ్ కార్ట్రిడ్జ్ మాత్రం రోజూ పెట్టకండి. అది కాస్త గరుకు టేపే, హెడ్‌ని గీస్తుంది. డ్రైవ్ అడిగినప్పుడే పెట్టండి. మా ఆపరేటర్ ఒకాయన దేవుడికి దీపం పెట్టినట్టు పొద్దున్నే పెట్టేవాడు, మాన్పించడానికి నెల పట్టింది.

మీ బ్యాకప్ సాఫ్ట్‌వేర్ లాగ్‌లో సెకనుకు ఎన్ని ఎంబీ వస్తోందో చూసి ఇక్కడ రాయండి. 50 పైనే ఉండి కూడా కొట్టుకుంటుంటే అప్పుడు మోటారుని అనుమానిద్దాం.