గేట్ పాస్ ఫొటో తీసి పెట్టుకో

గాజువాక

అల్లుడికి మావయ్య దీవెనలు.

పరవాడలో కాంట్రాక్టర్ కింద పని దొరికిందని అక్క చెప్పింది. సంతోషం. మొదటి రోజే నీ గేట్ పాస్ రెండువైపులా ఫొటో తీసి పెట్టుకో.

నవ్వకు. నేను వెల్డర్‌గా ఉన్న రోజుల్లో ఒక కాంట్రాక్టర్ రెండు నెలల జీతం ఎగ్గొట్టి మాయమయ్యాడు. పద్నాలుగు మందిమి లేబర్ ఆఫీసుకి వెళ్లాం. కాంట్రాక్టర్ ఇవ్వకపోతే పని చేయించుకున్న కంపెనీయే ఇవ్వాలని 1970 కాంట్రాక్ట్ లేబర్ చట్టంలోనే ఉందని అక్కడే తెలిసింది. కానీ ఆఫీసరు అడిగిన మొదటి మాట, "అక్కడ పనిచేసినట్టు మీ దగ్గర ఏముంది?" పాసులు చివరిరోజు గేటు దగ్గర తీసేసుకున్నారు. హాజరు పుస్తకం మేస్త్రీతోపాటే పోయింది. పాస్ పోయిందని అబద్ధమాడి దాచుకున్న ముగ్గురికే డబ్బులొచ్చాయి. బుద్ధిగా ఇచ్చేసినవాళ్లలో నేనొకణ్ణి!

ఇప్పుడు 29 పాత చట్టాలను కలిపి నాలుగు లేబర్ కోడ్‌లు చేశారు, 2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉన్నాయి. అపాయింట్‌మెంట్ లెటర్ తప్పనిసరి చేశారు. నెల జీతం వచ్చే నెల 7లోపు పడాలి. ఓటీకి రెట్టింపు ఇవ్వాలి. ఇన్‌స్పెక్టర్‌కి 'ఫెసిలిటేటర్', అంటే సాయపడేవాడు, అని తోక కూడా తగిలించారు. పేరేదైనా, నీ ఒక్కడి కోసం ఆయన గేటు దాకా వస్తాడని కూర్చోకు. నువ్వు కాగితం పట్టుకెళ్తేనే ఆయనకీ పని జరుగుతుంది.

పీఎఫ్ సంగతి జాగ్రత్త. నీ వాటా 12 శాతం కోస్తారు, యజమానీ తన వాటా వేయాలి. కోసినంత మాత్రాన కట్టినట్టు కాదు. నెలనెలా ఉమంగ్ యాప్‌లో పాస్‌బుక్ చూసుకో. జీతం 21,000 లోపే కాబట్టి ఈఎస్ఐ, అదే కార్మికుల వైద్య బీమా, కూడా ఉండాలి, నెంబరు అడిగి తీసుకో. పనిలో దెబ్బ తగిలితే, చిన్నదే కదా అని ఊరుకోక రిజిస్టర్‌లో రాయించు. "ఇంటి దగ్గర పడ్డానని చెప్పు" అంటారు. అనొద్దు.

ఖాళీ వోచర్ మీద సంతకం అడిగితే అంకె వేశాకే పెడతానను. కాస్త గొణుగుతారు, ఫరవాలేదు.

మొదటి జీతం స్లిప్ నాకు వాట్సాప్‌లో పెట్టు. పీఎఫ్ గడి ఖాళీగా ఉంటే నాకు చెప్పకుండా కాంట్రాక్టర్‌తో గొడవకి దిగకు, ఆఫీసుకి నేనూ వస్తాను.

మీ మావయ్య