కథలు రాయించబోయే అమ్మాయికి

అమ్మాయీ,

సెలవుల్లో సత్యనారాయణపురం పిల్లల్ని కూర్చోబెట్టి కథలు రాయిస్తానన్నావు. మంచిదే. ముందు టైము సంగతి చూసుకో. బెజవాడ ఎండల్లో 10 దాటితే ఎవరి కళ్లూ కాగితం మీద ఉండవు. పొద్దున్న 7:30కి మొదలెట్టి 9కల్లా వదిలెయ్. 12 మందికి మించి చేర్చుకోకు, ఒక్కొక్కరి పక్కనా కూర్చోవడానికి నీకు వీలు చిక్కదు. 3వ తరగతి వాళ్లనీ 8వ తరగతి వాళ్లనీ కలపకు. పెద్దవాళ్లు నవ్వుతారు, చిన్నవాళ్లు నోరు మెదపరు.

"ఏదైనా కథ రాయండి" అన్నావో, అనగనగా ఒక రాజుతో మొదలెట్టి "ఈ కథలోని నీతి" దగ్గర ఆపుతారు. వాళ్ల తప్పు కాదులే, బళ్లో మార్కులు పడేది దానికే. విషయం చిన్నది ఇవ్వు: ఇంట్లో పోయిన వస్తువు, ఎవరో అలిగిన రోజు. రాయించే ముందు 10 నిమిషాలు నోటితో చెప్పించు.

ఒక పిల్ల "నానమ్మతో తెనాలి వెళ్లాను. చాలా బాగుంది" అని రాసిందనుకో. "బాగుంది అంటే ఏమిటి?" అని అడగకు, బిక్కమొహం వేస్తుంది. రైలు కృష్ణ వంతెన ఎక్కగానే నానమ్మ ఏం చేసిందో అడుగు. "రూపాయి విసిరింది. కిటికీ ఊచకి తగిలి లోపలే పడింది. సీటు కింద వెతికేలోపు వంతెన అయిపోయింది" అంటుంది. అదీ కథ! వెంటనే పెన్సిల్ చేతికిచ్చి, "అప్పుడు నానమ్మ ఏమంది?" అని ఒక్కటే అడిగి పక్కకి తప్పుకో.

రాసే 20 నిమిషాలూ నువ్వు నోరెత్తకు. రబ్బర్లు మాత్రం తీసేసుకో. అవి చేతిలో ఉంటే మొదటి వాక్యమే నాలుగుసార్లు చెరుపుతారు. తప్పయితే గీత కొట్టి ముందుకెళ్లమను. ఇంగ్లీషు మీడియం పిల్లలకి ఒత్తుల దగ్గర చెయ్యి ఆగిపోతుంది. "ళ"కి "ల" రాసినా ఆ పూట ఎర్రపెన్ను తియ్యకు. అక్షరదోషాలు మర్నాడు చూడొచ్చు, అవీ కాగితానికి మూడే. బొత్తిగా రాయలేని వాడు చెబుతుంటే నువ్వే రాసిపెట్టు, కానీ వాడి మాటే రాయి. వాడు "వొచ్చేశాడు" అంటే నువ్వు "విచ్చేసెను" చెయ్యకు. గుమ్మంలో నిలబడి కథ అందించే అమ్మలుంటారు, వాళ్లని మర్యాదగా ఇంటికి పంపెయ్.

ఏమీ తోచదనే పిల్లలకి లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్లలో పిల్లల పత్రికలు ఏరుకొచ్చి పెట్టుకో. కథ కప్పేసి బొమ్మ ఒక్కటే చూపించు.

చివరి రోజు పుస్తకం చేయించు, దానికి పెద్ద ఖర్చేం లేదు. ఏఫోర్ కాగితాన్ని వరసగా మూడుసార్లు సగానికి మడిచి విప్పితే 8 గళ్లు వస్తాయి. పొట్టి అంచులు రెండూ కలిసేలా మడిచి, మడత వైపు నుంచి నడిమి గీత వెంట, అడ్డ మడత తగిలేదాకా కత్తిరించాలి. మొత్తం విప్పి, ఈసారి పొడవుగా మడిచి, రెండు చివర్లూ పట్టుకుని లోపలికి నెడితే చీలిక విచ్చుకుని నాలుగు రెక్కలవుతుంది. ఆ రెక్కల్ని ఒకవైపుకి మూసేస్తే పుస్తకం. కుట్టు, జిగురు అక్కర్లేదు. పిల్లలు తొందరపడి మడత వదిలేసి అంచుల వైపు కత్తిరించేస్తారు. అప్పుడు కాగితం మధ్యలో మాత్రమే అతుక్కుని ఉంటుంది, పుస్తకం నిలవదు. కాబట్టి ఒక్కొక్కరికీ ఒక కాగితం అదనంగా ఉంచుకో. చార్టు కాగితం వద్దు, మందానికి మడత సరిగా పడదు.

పేజీ నంబర్లు మడిచాకే పెన్సిల్‌తో వేయించు. విప్పి చూస్తే నాలుగు పేజీలు తలకిందులుగా ఉంటాయి, ముందే రాసేస్తే కథ తిరగబడుతుంది. అట్టలకి రెండు పోతే కథకి మిగిలేవి ఆరే పేజీలు, పేజీకి రెండు మూడు వాక్యాల కంటే పట్టవు. రూపాయి పోయిన కథకి అది చాలు.

అన్నిటికీ ఫోటోలు తీసుకుని, అసలువి నీ దగ్గర దాచుకోకుండా ఇంటికి పంపెయ్. ఆ నానమ్మ చదవద్దూ మరి.