ఏడాది ఫీజు ముందే కట్టేయాలా?

ప్రశ్న: యుకులేలే (గిటార్ లాంటి నాలుగు తీగల చిన్న వాయిద్యం) నేర్చుకోవాలని ఉంది. ఇంతవరకు ఏ వాయిద్యమూ ముట్టలేదు. ఏడాది ఫీజు ఒకేసారి కడితే పది నెలల డబ్బుకే పన్నెండు నెలలు నేర్పుతామంటున్నారు. వాయిద్యం కూడా ఖరీదైనదే ఈఎంఐలో తీసుకోమంటున్నారు. అత్యవసర నిధిలోంచి ఫీజు కట్టేయవచ్చా?

జవాబు: వద్దండి. ఆ నిధి ఆసుపత్రి ఖర్చుకి, జీతం ఆగిన నెలకి. సరదాకి నెల ఖర్చుల్లోనే చోటు వెతుక్కోవాలి.

ఇక డిస్కౌంట్ సంగతి. పది నెలల డబ్బు కట్టి నాలుగు నెలలకే మానేశారనుకోండి, ఒక్కో నెలకి రెండున్నర నెలల ఫీజు పడినట్టు. లాభం మొదలయ్యేది పదకొండో నెల నుంచే. ఈలోగా వేళ్ల చివర్లు మండే రోజులు దాటాలి. మా ఇంట్లో బీరువా మీద ఒక కీబోర్డు ఉంది, నేను ఏడాది ఫీజు ముందే కట్టినదాని గుర్తుగా! మీరు మూడు నెలలు విడిగా కట్టండి. మానేస్తే ఎంత వెనక్కిస్తారు, తప్పిపోయిన క్లాసు మళ్లీ పెడతారా అన్నది డబ్బు ఇవ్వకముందే కాగితం మీద రాయించుకోండి.

వాయిద్యానికి అప్పు అసలే వద్దు. చేతిలో ఉన్న డబ్బుతో చిన్న సైజు సొప్రానోనో, దానికన్నా కాస్త పెద్దదైన కాన్సర్ట్ సైజుదో తీసుకోండి, సెకండ్ హ్యాండ్ అయినా సరే. తీగలు ఫ్రెట్ల (మెడ మీది అడ్డ పట్టీల) మీద మరీ ఎత్తుగా లేకుండా చూసుకోండి, నొక్కలేక విసుగొస్తుంది. పెద్ద సైజు బారిటోన్ జోలికి మాత్రం ఇప్పుడే వెళ్లకండి. మిగతా సైజుల్లో నాలుగు తీగల శ్రుతి సాధారణంగా జి, సి, ఇ, ఎ స్వరాలు. దానిది డి, జి, బి, ఇ. క్లాసులో అందరిదీ ఒక దారి, మీదొక దారి అవుతుంది.

అసలు ఫీజు గిట్టుబాటయ్యేది క్లాసులో కాదు, ఇంట్లో. కొత్త నైలాన్ తీగలు కొన్నాళ్లు సాగుతూనే ఉంటాయి, శ్రుతి జారిపోతుంది. నలభై నిమిషాల క్లాసులో పది నిమిషాలు శ్రుతికే పోతే పావు వంతు ఫీజు అక్కడే ఖర్చు. వాయిద్యానికి తగిలిస్తే శ్రుతి చూపించే క్లిప్ ట్యూనర్ ఒకటి కొని, ఇంట్లోనే సరిచేసుకుని వెళ్లండి.

కార్డ్ అంటే కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించడం. సి కార్డ్‌కి ఒక్క వేలు చాలు: ఎ తీగ మూడో ఫ్రెట్ మీద ఉంగరపు వేలు. జి కార్డ్‌కి మూడు వేళ్లు కావాలి. చిక్కంతా ఒకదాన్నుంచి ఇంకోదానికి మారడంలోనే. రోజూ ఒక్క నిమిషం టైమర్ పెట్టి, ఎన్నిసార్లు తడబడకుండా మారారో డైరీలో రాయండి. మొత్తం సాధన పదిహేను నిమిషాలైనా చాలు, రోజూ ఉండాలంతే. ఏ వేలు ఎక్కడ మొరాయిస్తోందో కూడా రాసుకుని, తర్వాతి క్లాసు ఆ ప్రశ్నతోనే మొదలుపెట్టండి. టీచర్ ఒప్పుకుంటే స్ట్రమ్మింగ్ చేసే (తీగలు మీటే) చేతిని ఫోన్‌లో వీడియో తీసుకోండి.

ఈ మూడు నెలలూ ఫీజుతోపాటు ఇంకొంత పక్కన పెడుతూ ఉండండి. మూడో నెలాఖరున డైరీ తిరగేయండి. సగానికి పైగా పేజీలు ఖాళీగా ఉంటే నెలనెలా కట్టడమే నయం. నిండి ఉంటే, ఆ పక్కన పెట్టిన డబ్బుతో వెళ్లి డిస్కౌంట్ ఇంకా ఉందా అని అడగండి.