ఉన్ని మీద వెలుతురు పూత: ఒక యువ రచయితకు లేఖ

హనుమకొండ

బిడ్డా,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. ఉన్ని బట్ట ఉతికితే పొట్టైపోకుండా పూత పూసి, దాన్ని అతినీలలోహిత కాంతితో గట్టిపరిచే పద్ధతి గురించి తెలుగులో రాయాలనుకోవడమే నాకు సంతోషం. కానీ జబ్బు ఏమిటో చెప్పకముందే మందు చెప్పేశావు.

ముందు వెంట్రుక దగ్గరికి వెళ్ళు. ఉన్ని వెంట్రుక మీద పొలుసులుంటాయి, అన్నీ కొస వైపే తిరిగి ఉంటాయి. అందుకే అది ఒక దిక్కుకు సులువుగా జారుతుంది, ఎదురు దిక్కుకు తట్టుకుంటుంది. సబ్బు నీళ్ళలో పిసికినప్పుడు ప్రతి వెంట్రుకా తన మొదలు వైపు జరుగుతూ పోయి పక్కవాటిలో చిక్కుకుంటుంది, ఇక వెనక్కి రాదు. వేడి వల్లే ఇదంతా అని రాశావు. వేడి తోడ్పడుతుంది, అసలు పని చేసేది తడిలో కుదుపు. మగ్గం మీద లాగి పట్టిన బట్ట మొదటి తడికి సడలి కాస్త తగ్గడం వేరు, అది నూలు బట్టకూ ఉంటుంది. ఈ రెండింటినీ కలిపేస్తే నువ్వు ఇచ్చే కొలతలకు అర్థం ఉండదు.

పాత పద్ధతిలో క్లోరిన్‌తో పొలుసుల్ని దెబ్బతీసి పైన రెసిన్ పూస్తారు. బాగా పనిచేస్తుంది, ఇప్పటికీ వాడుతున్నారు. మురుగునీటిలో చేరే క్లోరిన్ సమ్మేళనాలే దాని బాధ. అందుకే వేరే దారులు వెతికారు, వెలుతురు పూత వాటిలో ఒకటి.

ఇక్కడ తీరికగా రాయి. పూత ద్రవంలో అక్రిలేట్లు (ఒకదానికొకటి కలిసి ప్లాస్టిక్‌లా గట్టిపడే చిన్న అణువులు), వాటితో కొద్దిగా ఫొటోఇనిషియేటర్ (కాంతి తగిలితే చర్య మొదలుపెట్టే పదార్థం) ఉంటాయి. కాంతి తగలగానే ఇనిషియేటర్ నుంచి ఫ్రీ రాడికల్స్, అంటే చురుగ్గా చర్య జరిపే అణు ముక్కలు, పుట్టి అక్రిలేట్లను ఒకదానికొకటి ముడివేస్తాయి. సెకన్లలో ద్రవం పొరగా మారుతుంది, పెద్ద ఓవెన్ అక్కర్లేదు. పంటి డాక్టరు ఫిల్లింగ్ పెట్టి నీలి లైటు చూపించేది కూడా ఈ రకం రసాయనమే, పాఠకులకు ఆ ఉదాహరణ చెప్పు. ఆ పొర పొలుసుల్ని కప్పుతుంది, అక్కడక్కడ వెంట్రుకల్ని అతికించి కదలనివ్వదు.

చిక్కుల్ని ఒక్క వాక్యంలో దాటేశావు, నాకైతే వ్యాసం అంతా వాటిలోనే ఉంది. దారం లోపల నీడ ఉంటుంది, కాంతి చేరనిచోట పూత పచ్చిగానే మిగులుతుంది. గాలిలోని ఆక్సిజన్ రాడికల్స్‌ను పట్టేసి పైభాగాన్ని జిగటగా ఉంచుతుంది, అందుకే కొన్నిచోట్ల గాలికి బదులు నైట్రోజన్ నింపి వాడతారు. వెంట్రుక పైన పుట్టుకతో వచ్చిన పల్చటి కొవ్వు పొర ఉంది, దాని మీద పూత సరిగ్గా పరుచుకోదు, ముందే ప్లాస్మాతోనో (విద్యుత్తుతో చురుకెక్కించిన వాయువు) మరోలాగో దాన్ని తొలగించాలి. పూత మందమైతే బట్ట అట్టలా బిగుస్తుంది. కాంతి ఎక్కువైతే తెల్ల ఉన్ని పసుపెక్కుతుంది.

చివర్లో 'మన గొంగళ్ళకు ఇది వరం' అన్నావు. ఆ మాట తీసెయ్యి బిడ్డా. దక్కనీ గొర్రె నల్ల ఉన్నిలో రంగే చాలా కాంతిని మింగేస్తుంది. పైగా కురుమలు చింతగింజల గంజి పెట్టి నేసిన గొంగడిని ఎవరూ మెషిన్లో వెయ్యరు. ఉన్ని నేత తడికీ ఒరిపిడికీ కొంచెం బిగుసుకుంటే సందులు మూసుకుంటాయి, వానలో గొర్ల వెంట తిరిగే మనిషికి అది మంచిదే. నువ్వు లోపం అన్న గుణమే అక్కడ అక్కరకొస్తుంది. ఈ పూత మెషిన్లో ఉతికే మెరీనో (సన్నటి ఉన్నినిచ్చే గొర్రె జాతి) స్వెటర్లకు పనికొస్తుంది, ఆ మాట తెగేసి రాయి. (మాంసం కోసం ఉన్ని లేని నెల్లూరు గొర్రెలు పెరిగి నల్ల ఉన్ని దొరకడమే కష్టమైంది. అది వేరే వ్యాసం, అదీ నువ్వే రాయాలి.)

ఒక పని చెయ్యి. పూత లేని ఉన్ని బట్ట ముక్క తీసుకుని దారంతో 20 సెంటీమీటర్ల చదరం గుర్తు పెట్టు. కుదపకుండా నానబెట్టి, పరిచి ఆరబెట్టి కొలువు. తర్వాత అదే ముక్కను సబ్బు నీళ్ళలో బాగా పిసికి, మళ్ళీ ఆరాక కొలువు. ఆ రెండు కొలతలూ పొలుసుల పేరా పక్కన పెట్టి నాకు పంపు.

ఆశీస్సులతో,
మీ పెద్దనాన్న వరసవాడు